వీపు మీద చెయ్యి

అనగనగా ఒక ఊళ్ళో ఇంకా ఇళ్ళు కట్టలేదు, వీధులు వెయ్యలేదు. జనం మాత్రం బోలెడుమంది. ఆ ఊరి పేరు వకుళ.

నవ్వకే. అవును, నీ పేరే. ఆ ఊరు నువ్వే. అప్పటికి నువ్వు మీ అమ్మ కడుపులో పెసరగింజంత ఉన్నావు. మీ అమ్మ గుమ్మంలో కూర్చుని చింతకాయ పచ్చడి నాకుతోంది. లోపల ఒక ఊరు లేస్తోందని దానికేం తెలుసు?

సాయంత్రం స్నానం చేయిస్తుంటే పక్కింటి చందన నీ పొట్ట మీద గీత చూసి, "కుట్టేసిన గోనెసంచీలా ఉన్నావే" అందని ఏడ్చావు కదా. అన్నం కూడా సగమే తిన్నావు. అందుకని ఇవాళ రాజకుమారుడూ లేడు, రాక్షసుడూ లేడు. ఆ గీత కథే చెప్తాను. కొంగు పట్టుకుంటే పట్టుకో గానీ లాగకు. చిరిగితే మళ్ళీ సూదీ దారం పట్టాల్సింది నేనే.

ఆ ఊరి జనం మొదట్లో అందరూ ఒకే పోలిక. ఒకటి రెండయింది, రెండు నాలుగయింది, నాలుగు ఎనిమిదయింది. మీ తాతయ్య కాలేజీలో జువాలజీ చదివేటప్పుడు ఇదంతా కప్పగుడ్లలో చూశారట. సత్తుగిన్నెలో నీళ్ళు పోసి, గుడ్లు వేసి, హాస్టలు గదిలో కిటికీ పక్కన పెట్టుకుని, పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా కూర్చున్నారట. మెస్సులో అన్నం అయిపోయిందట. పెళ్ళయిన కొత్తలో నాకిదంతా చెప్పి, "అన్నీ ఒక్కలాగే ఉన్నాయి కదా, ఏది తోకవ్వాలో ఏది కన్నవ్వాలో వాటికి ఎవరు చెప్తారంటావు?" అని అడిగారు. "చారు పోసుకోండి, చల్లారిపోతోంది" అన్నాను.

ఆ గిన్నె ఇప్పటికీ ఉంది. కరివేపాకు మొక్కకి దాంతోనే నీళ్ళు పోస్తాను. ఆయన లేరు, గిన్నె ఉంది.

ఏం చెప్తున్నాను? ఆఁ, జనం.

ఎవరు చెప్తారంటే, పక్కవాళ్ళు చెప్తారు. ఆ ఊళ్ళో రాజూ లేడు, మునసబూ లేడు. "నేను చర్మమవుతున్నాను, నువ్వు కాస్త లోపలికి జరుగు" అని ఒకరంటారు. "ఇక్కడ ఎముక కావాలి, ఎవరైనా రండి" అని ఇంకొకరంటారు. పిలుపు విన్నవాళ్ళు ఆ పనివాళ్ళయిపోతారు. ఒకసారి అయ్యాక మళ్ళీ మారడం చాలా కష్టం. అలా కన్ను కన్నయింది, గుండె గుండె అయింది.

ఆ ఊరి వెన్ను మీద, మెడకి దగ్గరగా, ఒక గట్టు ఉండేది. ఆ గట్టు మీద పుట్టినవాళ్ళు పుట్టినచోట ఉండరు. నడిచి వెళ్ళిపోతారు. వాళ్ళ నుదుట అదే రాసుంది.

ఒకరోజు ముగ్గురు అక్కచెల్లెళ్ళు ఆ గట్టు దిగారు. పెద్దది చర్మం కిందుగా నడిచి నీ బుగ్గ మీదికి వచ్చింది. ఇదిగో, ఈ పుట్టుమచ్చ పెట్టింది అదే. రెండోది ముందుకి నడిచి పంటిచిగురులోకి చేరింది. మొన్న ఊడిందే, పాలపన్ను, ఆ పన్ను కట్టింది అదే. మూడోది చివరమ్మ. దానికి అందరికంటే దూరం పడింది. పేగు వీధి చిట్టచివర, తలుపు పక్కన ఉన్న ఇల్లు దానిది. అందుకే ఆ పేరు.

ఏ తలుపా? నీకు తెలుసులే. పొద్దున్నే నువ్వు ఎక్కడ కూర్చుని "అమ్మమ్మా, అయిపోయింది" అని అరుస్తావో, ఆ తలుపు.

పేగు వీధి పొడుగునా కండవాళ్ళు ఉంటారు. బలమైనవాళ్ళు, అమాయకులు. పట్టుకోవడం తెలుసు, వదలడం తెలీదు. పక్కన ఎవరో ఒకరు ఉండి, పడవ లాగేటప్పుడు హైలెస్సా అన్నట్టు, "పట్టు... వదులు... పట్టు... వదులు..." అని పలుకుతూ ఉండాలి. అప్పుడే తిన్నది ముందుకి జరుగుతుంది. అలా పలికేవాళ్ళ కోసం ప్రతి ఇంటి కండవాళ్ళూ గుమ్మంలో నిలబడి "రండి, రండి" అని పిలుస్తూ ఉంటారు.

ఆ పిలుపు పట్టుకునే చివరమ్మ బయల్దేరింది. దాని వెనక వెయ్యిమంది. వాళ్ళకొక ఆచారం ఉంది. ఒకరి వీపు మీద ఒకరు చెయ్యి వేసి నడుస్తారు. వీపు మీద చెయ్యి ఉంటేనే కాలు కదులుతుంది. చెయ్యి లేకపోతే ముందు నుంచి ఎంత పిలిచినా అడుగు పడదు. అది వాళ్ళ తప్పు కాదు, వాళ్ళ పుట్టుకే అంత.

అలా నడిచి నడిచి మొదట పొట్ట చేరారు. అక్కడ కొంతమంది ఆగిపోయి ఇళ్ళు చూసుకున్నారు. చివరమ్మ వెనక్కి చూసింది. ఇంకా వందలమంది ఉన్నారు. నడిచింది.

ఆ తర్వాత చిన్నపేగు వచ్చింది. ఎంత పొడుగో! మలుపు మలుపుకీ కొంతమంది ఆగిపోయారు. చివరమ్మ వెనక్కి చూసింది. పదులమందే ఉన్నారు. నడిచింది.

ఆ తర్వాత పెద్దపేగు వచ్చింది. అక్కడా ఆగినవాళ్ళు ఆగారు. ఇంక వీధి కొంచెమే మిగిలింది. దూరంగా తలుపు కనిపిస్తోంది. "రా చివరమ్మా, రా" అని ఆ చివరి ఇళ్ళవాళ్ళు పిలుస్తున్నారు. చివరమ్మ కాలెత్తబోయింది. కాలు లేవలేదు. వెనక్కి చూసింది. ఎవరూ లేరు.

ఎందుకు తగ్గిపోయారంటే ఏం చెప్పను? మొదట్లోనే తక్కువమంది బయల్దేరారేమో, నడకే మెల్లగా సాగిందేమో. మీ అమ్మ గ్రహణం రోజున కూర తరిగిందని మన వీధిలో ఒకావిడ అంది. ఆవిడ మాట పట్టుకోకు. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

చివరమ్మ అక్కడే నిలబడింది. ముందు నుంచి పిలుపు, వెనక ఖాళీ. ఒక రోజు నిలబడింది. రెండు రోజులు నిలబడింది. మూడో రోజున దూరంగా ఒక్కతే ఒక్కతి కుంటుకుంటూ వచ్చింది. దాని పేరు వెనకమ్మ. పాపం, అందరికంటే ఆఖరున గట్టు దిగింది. దారిలో ఇళ్ళు చూసుకున్నవాళ్ళు వీపు మీద చెయ్యి వేసి సాగనంపితే ఇంతదాకా రాగలిగింది. వచ్చి, రొప్పుతూ, చివరమ్మ వీపు మీద చెయ్యి వేసింది.

"వచ్చావా, పద" అంది చివరమ్మ.

కానీ అప్పటికే వేళ దాటిపోయింది. వీధి గోడలు గట్టిపడ్డాయి. పిలుపులు ఒక్కొక్కటే సన్నగిల్లి ఆగిపోయాయి. ఆ ఊళ్ళో దేనికైనా ఒక వేళ ఉంటుంది. అది దాటితే దారి ఉండదు.

ఇద్దరూ ఉన్నచోటే ఇల్లు చూసుకున్నారు. చేతులు పొడుగ్గా సాగాయి, ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు, వెనకున్నవాళ్ళ చేతులూ పట్టుకున్నారు. "పట్టు... వదులు..." అని పలకడం మొదలుపెట్టారు. చివరమ్మ మాత్రం ముఖం అటే తిప్పుకుని ఉండేది. అటువైపు ఇళ్ళలో కండవాళ్ళు ఉన్నారు, పలికేవాళ్ళు లేరు. ఎవరూ వదలమనలేదు కనక వాళ్ళు పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండిపోయారు. "నేను చేరాల్సిన ఇల్లు అది" అనుకునేది చివరమ్మ. ఏడు నెలలు అలా అనుకుంటూనే ఉంది.

అప్పుడు నువ్వు పుట్టావు. పాలు తాగావు. పాలు వీధిలోకి వచ్చాయి. పైవాళ్ళు పలికారు, ముందుకి జరిగాయి. చివరమ్మా వెనకమ్మా గొంతు పోయేలా పలికారు. కానీ ఆ తర్వాతి వీధి బిగుసుకుపోయి ఉంది. నా చూపుడువేలంత వీధి, అంతే. దాని దగ్గర అంతా ఆగిపోయింది.

పుట్టిన పిల్ల మొదటి రోజే నల్లగా దొడ్డికి వెళ్తుంది. నువ్వు వెళ్ళలేదు. పొట్ట ఉబ్బింది. నేను గ్యాసన్నాను. ఇంగువ నూరి బొడ్డు చుట్టూ పట్టు వేశాను.

రెండో రోజు తమలపాకు తొడిమకి ఆముదం రాసి ఆ తలుపులో పెట్టాను. మా అమ్మ మాకు పెట్టేది, నేను మీ అమ్మకి పెట్టాను. బుస్సుమని కొంచెం వచ్చింది. "చూశావా!" అన్నాను మీ అమ్మతో. ఎంత గర్వంగా అన్నానో! ఆ కొంచెమే నన్ను మోసం చేసింది. దానివల్ల ఇంకో రోజు ఆగాం.

మూడో రోజు నువ్వు పచ్చగా కక్కావు. పొట్ట డోలులా అయింది. మీ అమ్మ ఏడుస్తూ, "అమ్మా, ఇది గ్యాసు కాదే" అంది. "నలుగుర్ని పెంచినదాన్ని, నాకు చెప్తావా?" అన్నాను. అన్నానే తల్లీ, ఆ మాట అన్నాను. మీ తాతయ్య ఇంక ఆగలేదు. వెళ్ళి ఆటో పిలుచుకొచ్చారు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ గొట్టంతో నీళ్ళు పెట్టి కడిగింది. అప్పటికి నీ ప్రాణం కుదుటపడింది. కాగితం మీద పేగు గీసి, "ఈ చివర నరాల కణాలు చేరలేదమ్మా. ఖాళీగా ఉంది. ఖాళీ ఎక్కడిదాకా ఉందో లోపల చూస్తే గానీ తెలీదు. బాగా పైదాకా ఉంటే మాత్రం కష్టం" అంది. మీ తాతయ్య ఆ కాగితం చేతిలోకి తీసుకున్నారు. "నడిచి రాలేకపోయారన్నమాట" అన్నారు. ఈ నడక సంగతంతా ఆయనే నాకు చెప్పారు, ఆసుపత్రి బల్ల మీద కూర్చుని. కప్పగుడ్ల నాడు అడిగిన ప్రశ్నకి జవాబు అప్పుడు శ్రద్ధగా విన్నాను.

నీకు ఇరవయ్యో రోజున ఆపరేషను. ఆపరేషను గది తలుపు మూశారు. మేం బయట కూర్చున్నాం.

కాసేపటికి ఒక నర్సు చిన్న డబ్బా పట్టుకుని ల్యాబు వైపు పరుగెత్తింది. డబ్బాలో నీ పేగు గోడలోంచి తీసిన ముక్క, ఆవగింజంత. అక్కడ ఒకాయన దాన్ని పలచగా కోసి, రంగు వేసి, గాజుపలక మీద పెట్టి చూస్తాడు. ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని. చూశాడు. ఎవరూ లేరన్నాడు.

ఇంకొంచెం పైనుంచి రెండో ముక్క తీశారు. నర్సు మళ్ళీ పరుగెత్తింది. చూశాడు. ఎవరూ లేరన్నాడు. మీ అమ్మ నా చెయ్యి పట్టుకోలేదు, మీ నాన్న చెయ్యి పట్టుకుంది. ఆ తమలపాకు తొడిమ మా ఇద్దరి మధ్యా ఉంది. నేను ఆ చివర ఒక్కదాన్నే కూర్చున్నాను.

ఇంకొంచెం పైనుంచి మూడో ముక్క తీశారు. నర్సు వెళ్ళింది. ఎంతసేపటికీ రాలేదు. అప్పుడు మీ తాతయ్య లేచి వచ్చి, నా పక్కన కూర్చుని, నా వీపు మీద చెయ్యి వేశారు. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో నలుగురిలో ఆయన అలా చెయ్యి వెయ్యడం అదే మొదలు.

నర్సు నవ్వుకుంటూ వచ్చింది. "ఉన్నారండీ" అంది.

ఎవరున్నారో తెలుసా? వెనకమ్మ. చివరమ్మ పక్కింట్లోంచి తీసిన ముక్క అది. వారం తర్వాత ల్యాబు ఆయన్ని బతిమాలుకుని మీ తాతయ్య ఆ గాజుపలక చూసొచ్చారు. "గులాబీరంగు ఇల్లోయ్, మధ్యలో గుండ్రటి కిటికీ, కిటికీలో చిన్న దీపం" అన్నారు. ఆ దీపం చూసే డాక్టరమ్మకి తెలిసింది, ఊరు ఇక్కడిదాకా ఉందని. వెనకమ్మ మళ్ళీ ఇంటికి రాలేదమ్మా. ఆ గాజుపలక మీదే ఉండిపోయింది.

అప్పుడు డాక్టరమ్మ ఏం చేసిందంటే, నీ పొట్ట మీది ఆ గీతలోంచే ఖాళీ వీధిని తీసేసింది. బిగపట్టుకుని కూర్చున్న ఆ కండవాళ్ళు అప్పటికి వదిలారు. పాపం, వాళ్ళదీ తప్పు కాదు. ఆ తర్వాత మిగిలిన వీధిని మెల్లగా కిందికి లాగి, తలుపుకి కలిపి కుట్టింది.

చివరమ్మ కళ్ళు తెరిచి చూసింది. ఎదురుగా తలుపు. తను నడవలేకపోయిన దారి లేదు. ఏడు నెలలు ఏ తలుపు కోసం చూసిందో అది వచ్చి దాని పక్కన నిలబడింది.

చివరమ్మ గొంతు సవరించుకుని, "వదులు" అంది.

ఆ రోజు నువ్వు చేసిన పనికి ఆసుపత్రి వరండాలో ఎంత సంబరపడ్డామో! ఆ గుడ్డ ఉతికింది నేనే. అంత సంతోషంగా నా జన్మలో ఏదీ ఉతకలేదు.

అందుకని రేపు చందన ఏమైనా అంటే చెప్పు. "ఇది గోనెసంచీ కుట్టు కాదే, చివరమ్మకి తలుపు తెచ్చిన దారి" అని చెప్పు.

ఏమన్నావ్? చివరమ్మకి ఇప్పుడు వీపు మీద చెయ్యి ఎవరు వేస్తారనా?

అది నన్ను అడుగుతావేమే. నేనూ రోజూ అదే అనుకుంటాను. నడవాల్సిన దారి అయిపోయాక చెయ్యి లేకపోయినా పని జరుగుతుందిలే. పొద్దున్న లేచి పొయ్యి వెలిగించుకోవడమూ, మొక్కకి నీళ్ళు పొయ్యడమూ జరుగుతూనే ఉంటాయి. కానీ ఆ చోటు తెలుస్తూ ఉంటుంది. వీపు మీద ఆ చోటు మాత్రం తెలుస్తూ ఉంటుంది.

ఇటు తిరుగు. బోర్లా పడుకో. నా చెయ్యి నీ వీపు మీద వేసి జోకొడతాను. నీలోంచి దానికీ అందుతుందేమో, ఎవరు చూశారు.

ఊఁ అనడం మానేశావు. వకుళా? నిద్రపోయావా?

ఇంత గట్టిగా పట్టుకున్నదానివి, కొంగు ఎప్పుడు వదిలావే?

కథేమో కంచికి,
చివరమ్మ ఇంటికి,
కునుకేమో కంటికి,
కొంగేమో ఒంటికి.