రొయ్య రక్తంలో గొర్రె

ఆచార్య పైడిరాజు గారు ఏ ప్రశ్నకీ తిన్నగా జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడి చేతిలో బొటనవేలంత ఖాళీ గాజు సీసా పెట్టి, "ముందు దీన్ని తూచి రా" అనేవారు. విశాఖపట్నంలో ఆయన నడిపే ప్రయోగశాలలో అది ఆచారం. అణువుల బరువు తూచే యంత్రంలో అసలు నమూనా పెట్టబోయే ముందు వట్టి నీళ్లు పోసి ఒకసారి నడపాలి. ఏమీ లేనిచోట యంత్రానికి ఏం కనిపిస్తోందో చూసుకోవాలి. కొత్తగా చేరిన శిష్యులు ఈ పని భయభక్తులతో చేస్తారు. రెండేళ్లు గడిచేసరికి చెయ్యి తిరుగుతుంది, ఖాళీ సీసా మూల పడుతుంది.

ధనుంజయ చేరి అయిదేళ్లయింది. ఒక శుక్రవారం పొద్దున్నే అతను తలుపైనా తట్టకుండా మేస్టారి గదిలోకి వచ్చి నిలబడ్డాడు. నాలుగు రోజులుగా నిద్ర లేని మొహం, చేతిలో కాగితాల కట్ట.

"మేస్టారూ, రొయ్య రక్తపు బొట్టులో కోటో వంతు ఉన్నదాన్ని కూడా పట్టుకునే పరికరం చేశాం. మనిషి కడుపులో ఉన్న కుళ్లుని పట్టుకునే యంత్రం మాత్రం ఇంతవరకూ ఎవరూ ఎందుకు కనిపెట్టలేదండీ?"

పైడిరాజు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఎవరి కడుపులో?"

"పోలమ్మ కడుపులో."

పోలమ్మ ఆ ప్రయోగశాలలో పంతొమ్మిదేళ్లుగా గాజుసామాను కడుగుతోంది. ఆమె కడిగిన సీసాని వెలుతురుకి ఎత్తి చూస్తే, అక్కడ గాజు ఉందా లేదా అన్న సందేహం వస్తుంది. అయినా ఆమెది కాంట్రాక్టు ఉద్యోగమే. పనివాళ్లని పంపే ఏజెన్సీ ఒకటుంది. అక్కడికి ఒక ఉత్తరం వెళితే చాలు, పంతొమ్మిదేళ్లూ నీళ్లలో కలుస్తాయి. ఆమె దొంగ అని ఆ ఉత్తరం ధనుంజయ మొన్న బుధవారమే ఇచ్చేశాడు. శనివారంతో ఆఖరని ఏజెన్సీ వాళ్లు పోలమ్మకి చెప్పేశారు కూడా.

అతని బాధ కూడా చిన్నదేమీ కాదు. మూడేళ్లు కూర్చుని, గాజుని కాచి సాగదీసి, వెంట్రుక కన్నా సన్నని సూది ఒకటి తయారుచేశాడు. ఆ సూదిలోంచి రొయ్య రక్తాన్ని మంచులా చిమ్మితే, అందులోని ప్రోటీన్ ముక్కలు ఒక్కొక్కటీ విద్యుత్తు ఎక్కించుకుని యంత్రంలోకి ఎగురుతాయి. యంత్రం వాటి బరువులు తూచి, అవి ఏ జీవివో జాబితా అచ్చేసి ఇస్తుంది. చెరువులో రొయ్యలు చచ్చి తేలకముందే జబ్బు ఆనవాలు అందులో దొరికిపోవాలి. అదీ అతని ఆవిష్కరణ. వచ్చే బుధవారం దాన్ని పరీక్షించడానికి ఢిల్లీ నుంచి నిపుణులు వస్తున్నారు. తీరా చూస్తే, నలభై రోజులుగా జాబితాలో రొయ్యతో పాటు ఇంకో జీవి పేరు వస్తోంది. గొర్రె! ఉప్పునీటి చెరువులో పుట్టి పెరిగిన రొయ్య ఒంట్లోకి గొర్రె ఎలా దూరిందని నిపుణులు అడిగితే, అతని దగ్గర సమాధానం లేదు.

సమాధానం లేదనుకున్నది మొదటి వారమే. రెండో వారంలో పోలమ్మ మొగుడికి ఆనందపురం అవతల గొర్రెల మంద ఉందని తెలిసింది. అంతే, ఆ క్షణం నుంచి ధనుంజయకి అన్నీ అర్థమైపోసాగాయి. అనుమానం వచ్చినవాడికి కొత్త సాక్ష్యాలు వెతుక్కోవలసిన పని ఉండదు. పాతవే కొత్త మొహాలతో ఎదురొస్తాయి. దసరా ముందు తను సీసాలు సరిగ్గా కడగలేదని పదిమందిలో కేకలేసినప్పుడు ఆమె పల్లెత్తు మాట అనలేదు. ఎందుకనలేదు? పై అంతస్తులో ఇదే పని మీద ఉన్న వేణుమాధవ్‌కి ఆమె రోజూ టీ తీసుకెళ్లి ఇస్తుంది. ఎందుకిస్తుంది? అన్నిటికన్నా పెద్ద రుజువు ఇంకోటుంది. పోయిన నెలలో ఒకరోజు ఆమె వచ్చి, "బాబూ, ఆ సెట్రు ఒకపాలి ఇయ్యండి, ఉతికి తెత్తాను" అంది. అతని స్వెట్టరు జేబులో సూది కొలతలు రాసుకున్న చిన్న పుస్తకం ఉంటుంది. అది కొట్టేసి పైకి చేరవేయడానికి కాకపోతే, అడగని చాకిరీ ఆమెకి దేనికి?

ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పి, ధనుంజయ ఇంకో కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. అందులో పదకొండు పేర్లున్నాయి. మొదటిది పోలమ్మ, రెండోది వేణుమాధవ్. నైట్రోజన్ సిలిండర్లు తెచ్చే మనిషి, ఏసీ బాగుచేసే మనిషి కూడా ఉన్నారు. పైడిరాజు గారు జాబితా ఆసాంతం చదివి, సొరుగు తీసి రెండు ఖాళీ సీసాలు బయట పెట్టారు.

"ఇది ఇవాళ పోలమ్మ కడిగింది. ఇందులో నీళ్లు నేను పోస్తాను, యంత్రంలో నేనే పెడతాను. నువ్వు బయటికెళ్లి టీ తాగి రా."

ధనుంజయ టీ తాగలేదు. వరండాలో నిలబడి, గాజు తలుపులోంచి పోలమ్మ చేతులకేసే చూస్తూ ఉండిపోయాడు. ఆమె యంత్రం వైపు రానేలేదు, కుళాయి దగ్గర తన పని తను చేసుకుంటోంది. గంట తర్వాత మేస్టారు పిలిచి కాగితం చూపించారు. వట్టి నీళ్లు. పైన అలవాటు ప్రకారం 'మనిషి' అన్న ఒక్క పేరు తప్ప గొర్రె ఊసు లేదు.

"ఆమెకి తెలిసిపోయిందండీ" అన్నాడు ధనుంజయ. "మీరు పరీక్ష పెడుతున్నారని తెలిసి శుభ్రంగా కడిగింది."

"అవునేమో" అన్నారు మేస్టారు. "అయితే రేపు నీ వంతు. పోలమ్మని సాయంత్రం దాకా రావద్దన్నాను. ఈ రెండో సీసా కంపెనీ నుంచి మూత వేసి వచ్చింది, ఇంకా ఎవరి చెయ్యీ తగల్లేదు. గది తాళం నీ దగ్గరే ఉంచుకో. నీళ్లు నువ్వే పొయ్యి, నువ్వే నడుపు."

శనివారం పొద్దున ధనుంజయ ఆ గదికి లోపలి నుంచి గడియ పెట్టాడు. యంత్రం వేడెక్కకుండా ఆ గదిని ఎప్పుడూ చలిగా ఉంచుతారు, బయట ఎండ మాడ్చేస్తున్నా లోపల వేళ్లు కొంకర్లు పోతాయి. అతను గట్టిగా ఊపిరి ఊదుకుని, స్వెట్టరు చేతులు మోచేతుల మీదికి లాక్కుని, సీసా మూత విప్పాడు. నీళ్లు పోశాడు. సూది బిగించాడు. గంట సేపు కుర్చీలోంచి కదలకుండా తలుపునే చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ రాలేదు.

కాగితం బయటికొచ్చింది. మొదటి వరస మనిషి. రెండో వరస గొర్రె.

ధనుంజయ కాగితం పట్టుకుని గదంతా కలియజూశాడు. పోలమ్మ లేదు, వేణుమాధవ్ లేడు. గది తాళం తన జేబులో ఉంది. మరి ఈ సీసా ఎవరిచ్చారు? మేస్టారు ఇచ్చారు. నిన్న గంటసేపు ఈ గదిలో ఒంటరిగా ఎవరున్నారు? మేస్టారే. అయిదేళ్లుగా తనకి అన్నం పెట్టినంత చనువుతో పని నేర్పిన మనిషి మీదికి ఆలోచన అలా పాక్కుంటూ వెళ్లింది. తన పేరుతో వచ్చే ఆవిష్కరణలో ఆయనకి కావలసిందేమిటి? అతను నిన్న మేస్టారు తిరిగిచ్చిన పదకొండు పేర్ల కాగితాన్ని జేబులోంచి తీశాడు, కలం మూత కూడా విప్పాడు. పన్నెండో అంకె వేశాక చెయ్యి ఆగిపోయింది. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆ అంకె కొట్టెయ్యలేదు. అలాగే మడిచి జేబులో పెట్టుకుని మేస్టారి గదికి వెళ్లాడు.

అప్పటికి మధ్యాహ్నం మూడు దాటింది. పోలమ్మ తాళంచెవులు అప్పగించడానికి ముందే వచ్చేసి, గుమ్మం పక్కన నిలబడి ఉంది. చేతిలో అన్నం క్యారేజీ, దాని మీద మడత పెట్టిన ఆప్రాన్. పంతొమ్మిదేళ్ల సామాను అంతే. ధనుంజయ ఆమె మొహం చూడకుండా లోపలికి వెళ్లి కాగితం బల్ల మీద పెట్టాడు.

పైడిరాజు గారు గొర్రె ఉన్న వరస చూడలేదు. దాని పై వరస మీద వేలు పెట్టారు. అక్కడ 'మనిషి' అన్న పేరుని ధనుంజయ దారిలోనే కలంతో అడ్డంగా కొట్టేశాడు.

"ఇదెందుకు కొట్టేశావు?"

"అది ఎప్పుడూ ఉండేదే కదండీ. తూచేవాడి చర్మం, గోరు, వెంట్రుక ఎంతో కొంత రాలుతుంది. అందరం కొట్టేసే మొదలుపెడతాం. దాన్ని లెక్కలోకి తీసుకోం."

"లెక్కలోకి తీసుకోం" అని మేస్టారు ఆ మాటే మళ్లీ అన్నారు. సొరుగులోంచి అంటుకునే టేపు తీసి రెండంగుళాల ముక్క చించారు. "చెయ్యి ఇలా పెట్టు." ధనుంజయ చెయ్యి చాపాడు. ఆయన ఆ ముక్కని అతని మోచేతి దగ్గర స్వెట్టరు మీద అద్ది, మెల్లిగా పీకి, గాజు పలక మీద అతికించి, కిటికీ పక్కనున్న పాత ఇత్తడి మైక్రోస్కోపు కింద పెట్టారు. "చూడు."

ధనుంజయ వంగి చూశాడు. మొదట వెలుతురు తప్ప ఏమీ కనిపించలేదు. మర తిప్పాడు. పోగులు తేలాయి, గోధుమరంగువి, పదీ పదిహేనూ ఉన్నాయి. ఒక్కొక్క పోగు ఒంటి నిండా పొలుసులు, ఇంటి మీద పెంకులు కప్పినట్టు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి. నూలు పోగుకి పొలుసులుండవు. నైలానుకి ఉండవు. ఈ సంగతి మొదటి ఏడాది శిష్యులకి చెప్పేది అతనే. చలికాలంలో స్వెట్టర్లు అమ్మడానికి వచ్చిన టిబెట్ ఆవిడ, ఇది అసలైన ఉన్ని అని అతని చేత ముట్టించి మరీ ఇచ్చింది. ఆ మాట నమ్మి కొన్నాడు, అసలైన ఉన్నే అని అందరికీ చెప్పుకున్నాడు కూడా. అది కొని సరిగ్గా నలభై రోజులైంది.

అతను మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేకపోయాడు. వెనక నుంచి పోలమ్మ గొంతు వినిపించింది.

"నాను సెప్పలేదేటి బాబూ! మీ కుర్సీ కింద, ఆ మిసను కింద దినాం ఆ నూగే ఊడుత్తన్నాను. ఉతికి తెత్తానంటే ఒద్దన్నారు. గొర్రిబొచ్చు నాకు తెల్దేటండీ, పుట్టినకాణ్ణించీ అందులోనే ఉన్నాను కదా."

ఆమె గొంతులో కోపం లేదు. కోపమే ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేది. ధనుంజయ స్వెట్టరు విప్పబోయి, అది విప్పితే నూగు ఇంకా రాలుతుందని తోచి, ఎటూ కాకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కళ్లు నీళ్లతో నిండిపోయాయి. ఆమె తాళంచెవులు బల్ల మీద పెట్టబోతుంటే అడ్డు వెళ్లి, "వద్దు, నీ దగ్గరే ఉంచు. నేను ఏజెన్సీకి వెళతాను. ఇప్పుడే వెళతాను" అన్నాడు.

"ఏటని సెప్తారు బాబూ?" అంది పోలమ్మ. "అక్కడ నన్ను దొంగన్నారు. నా కోడలి ముందర అన్నారు."

ధనుంజయ బయల్దేరబోయినవాడల్లా ఆగాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, తెల్లకాగితం ముందు పెట్టుకున్నాడు. బుధవారం నాటి ఉత్తరం రెండు పేజీలు నిండడానికి పావుగంట పట్టలేదు. ఇవాళ ఒక్క వాక్యానికి కలం కదలడం లేదు. పొరపాటు జరిగిందని రాశాడు, కొట్టేశాడు. సాంకేతిక కారణాల వల్ల అని రాశాడు, మేస్టారు చూస్తున్నారని తెలిసి అదీ కొట్టేశాడు. ఆఖరికి, 'గొర్రె నాది. తెచ్చింది నేను, దొంగ అన్నది నేను' అని రాసి, కింద పూర్తి పేరుతో సంతకం పెట్టాడు. దాన్ని పోలమ్మకి చదివి వినిపించాడు. ఆమె మొత్తం విని, తాళంచెవులు మళ్లీ కొంగుకి ముడేసుకుని, "అయితే మా కోడలు ఇంట్లో ఉండగా పట్టికెళ్లండి, అక్కడ కూడా సదవండి" అంది. క్యారేజీ తీసుకుని కుళాయి వైపు వెళ్లింది. రెండు నిమిషాల్లో నీళ్ల చప్పుడు మొదలైంది.

ఉత్తరం కోసం కాగితాలు తీస్తున్నప్పుడు పదకొండు పేర్ల జాబితా కూడా జేబులోంచి బల్ల మీద పడింది. మేస్టారు దాన్ని విప్పి, అడుగున పేరు లేకుండా ఉన్న పన్నెండో అంకెని కాసేపు చూశారు. అది ఎవరి కోసమని అడగలేదు. మళ్లీ మడిచి అతని చేతికే ఇచ్చారు.

ధనుంజయ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "మేస్టారూ, బుధవారం నిపుణులకి నేనేం చెప్పాలండీ?"

"నీ పరికరం నూగంత ఉన్నిని నలభై రోజులు ఒక్కపూట కూడా తప్పకుండా పట్టిచ్చిందని చెప్పు, సంతోషిస్తారు" అన్నారు పైడిరాజు గారు, కిటికీ దగ్గర గాజు పలక తీసి జాగ్రత్తగా పెట్టెలో పెడుతూ. "నిన్న ఒక యంత్రం గురించి అడిగావు కదా, ఇంతవరకూ ఎవరూ ఎందుకు కనిపెట్టలేదని. ఉందయ్యా. నువ్వే చేశావు."