ముద్ద కోసం నిలబడ్డ గాడిద

కొండ కింద పశువుల దొడ్డిలో జొన్నల గాదె నక్క చేతిలో ఉండేది. పని చేసినవాడికే తిండి, చేయలేనివాడు పస్తు. ఇదీ దాని చట్టం. అది ఏ పని చేస్తోందని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ ఏడు చాకిరేవు నుంచి ఓ గాడిద వచ్చి పెద్దరికానికి పోటీపడింది. "పని ఉన్నా లేకున్నా ప్రతి ప్రాణికీ రోజుకో జొన్న ముద్ద" అంది. కావలి కుక్కలు పడీపడీ నవ్వాయి. కోళ్లు, మేకలు, గొర్రెలు మాత్రం ఫోన్లలో గ్రూపు పెట్టుకుని ఆ మాటను కొట్టం కొట్టానికీ చేరవేశాయి.

ఎన్నిక రోజు కళ్లంలో రెండు గీతలు గీశారు. పొద్దు గుంకేసరికి ఎవరి గీతలో ఎక్కువమంది నిలబడితే వాళ్లదే గెలుపు.

కాలు విరిగిన ముసలి ఎద్దు మూడు రోజులుగా పస్తులుంటోంది. నక్క మళ్లీ గెలిస్తే దానికి చావే.

మధ్యాహ్నం దాటాక మేక ఫోను చూసి చదివింది. "ఎన్నిక ఎల్లుండికి వాయిదా. ఎవరూ కదలొద్దు. ఇట్లు, మీ గాడిద."

"హమ్మయ్య, ఎండలో నడక తప్పింది" అంటూ కోడి రెక్కలు ముడిచింది.

ఎద్దు తలెత్తింది. "ఏమే, అది గొంతుతో వచ్చిందా, రాతతోనా?"

"రాతే మామా. ఒక్క తప్పు లేదు!"

"వాడి గిట్ట ఆనిస్తే ఒకేసారి నాలుగక్షరాలు పడతాయి. అందుకే ఇన్నాళ్లూ ఓండ్రపెట్టి గొంతే పంపాడు. ఇవాళ ఇంత చక్కటి రాత ఎక్కడిదే?"

మేక మళ్లీ ఫోను చూసింది. "ఇది నిన్న చేరిన కొత్త నంబరు మామా! నక్కే!"

"మరి నన్ను చూస్తారేం? పరుగెత్తండి!" అంటూ ఎద్దు మూడుకాళ్ల మీద లేచింది. మేక కొట్టం కొట్టానికీ ఆ మోసం అరిచి చెబుతూ పరుగెత్తింది.

కళ్లంలో గాడిద ఒంటరిగా ఉంది. నక్క గీతలో పది కుక్కలున్నాయి.

"ఇంకెవరొస్తారు? లెక్క కానీండి" అంది నక్క.

"ఆగు బావా! కొండ మీద ఇంకా జానెడు పొద్దుంది" అని మేక దూరం నుంచే అరిచింది.

దుమ్ము లేచింది. గాడిద గీత నిండి పొంగింది. ఆఖరున ఎద్దు కుంటుతూ వచ్చి కాలు లోపల పెట్టింది. పొద్దు గుంకింది.

మర్నాడు ముద్దల వరుసలో అందరికన్నా వెనక నక్క నిలబడింది.

"దీనికీనా?" కోడి మండిపడింది.

"ఇవాళ దీన్ని తప్పిస్తే రేపు నిన్నూ తప్పిస్తారే పిచ్చిదానా. పెట్టండి" అంది గాడిద.

నక్క తలెత్తకుండా తింది.

ఆకలికి అర్హత అడిగేవాణ్ణి ఒక్క పూట వరుస చివర నిలబెట్టి చూడండి, ఇంకెప్పుడూ అడగడు.