జిల్లేడు ఆకు కింది ప్రాణం

అనగనగా కుందనగిరి అనే రాజ్యం, దానికొక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు మణిధరుడు, నడిమివాడు భోగనాథుడు, చిన్నవాడు కేసరుడు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. పెద్దవాడని పట్టం కట్టరు, బలవంతుడని పట్టం కట్టరు. కొడుకులకు తలా ఒక తోట ఇస్తారు. ఏడాది తిరిగి ఉగాది వచ్చేసరికి ఎవరి తోటలో సీతాకోకచిలుకలు ఎక్కువగా ఉంటే వాడికే పట్టం. సీతాకోకచిలుక భయపడని చోట జనం కూడా భయపడకుండా బతుకుతారని వాళ్ల నమ్మకం.

మణిధరుడు దూరదేశాల నుంచి గులాబీలు తెప్పించాడు. ఆకు మీద పురుగు కనిపిస్తే చాలు, మూడు పూటలా ఏరించి నిప్పుల్లో పోయించాడు. భోగనాథుడు వంకాయలు వేసుకుని, కూర వండించుకుని తిన్నాడు. కేసరుడు అడవికి పోయి జిల్లేడు, తంగేడు, గడ్డిపూలు తెచ్చి నాటాడు. చూసినవాళ్లంతా నవ్వారు. అందరికంటే గట్టిగా మణిధరుడు నవ్వాడు.

మాఘమాసం వచ్చింది. గులాబీలు విరగబూశాయి, వాటి మీద ఒక్క రెక్కా వాలలేదు. కేసరుడి కలుపుతోటలో మాత్రం నారింజ రంగు, పసుపు రంగు, నీలి రంగు సీతాకోకచిలుకలు గుంపులు గుంపులుగా ఆడుతున్నాయి.

మణిధరుడికి అన్నం సహించలేదు. తమ్ముడి తోటలో జిల్లేడు మొక్కలు పీకించాడు, వేళ్ల నుంచి మళ్లీ చిగిర్చాయి. తన పూల మీద బెల్లం నీళ్లు చల్లించాడు, చీమలు వచ్చాయి. ఇక మూడో ఉపాయంగా, ఏడు సముద్రాల అవతలి మాంత్రికుడు గండకుడి దగ్గరికి బయలుదేరాడు.

ఒడ్డున ఒక ముసలి తాబేలు అతన్ని వీపు మీద ఎక్కించుకుంది.

"ఏడు సముద్రాలు దాటేవాళ్లంతా రాకుమార్తెల కోసం పోతారు నాయనా. నువ్వు దేనికోసం?"

"సీతాకోకచిలుకల కోసం."

"మీ ఊళ్లో లేవా?"

"ఉన్నాయి. మా తమ్ముడి దగ్గర."

తాబేలు ఏడు సముద్రాలూ ఈది అతన్ని గండకుడి ఇంటి ముందు దింపింది.

గండకుడు ఒక పెట్టె ఇచ్చాడు. "ఉగాది ఉదయం దీని మూత తియ్యి. వెయ్యి సీతాకోకచిలుకలు వస్తాయి. అదే ఘడియలో నీ తమ్ముడు రాయైపోతాడు. ఇష్టమేనా?"

చెడ్డపని చేసేవాడికి అది చెడ్డదని తెలియకపోదు పిల్లలూ. మణిధరుడికీ తెలిసింది. తమ్ముడి తోట కళ్లముందు మెదిలింది. "సరే" అన్నాడు.

ఉగాది ఉదయం మూత తీశాడు. వెయ్యి రెక్కలు లేచాయి. వాటికి తేనె తాగే నోళ్లు లేవు, పూల మీద నిలిచే కాళ్లు లేవు. పొట్టులాగా గాలికి కొట్టుకుపోయాయి.

పక్క తోటలో కేసరుడు నిలువునా రాయైపోయాడు. అక్కడి సీతాకోకచిలుకలన్నీ వచ్చి అతని భుజాల మీద, తల మీద వాలాయి.

"రాయైనా వాడి మీదే వాలుతున్నాయి" అనుకున్నాడు మణిధరుడు. అనుకున్న మరుక్షణం తన మీద తనకే రోత పుట్టింది. రాయిని చూసి కూడా ఓర్వలేని మనిషినయ్యానా అని కూలబడి ఏడ్చాడు. తండ్రి కాళ్ల మీద పడి జరిగినదంతా చెప్పాడు. మళ్లీ తాబేలు దగ్గరికి పరుగెత్తాడు.

తాబేలు చెప్పింది: "గండకుడి ప్రాణం వాడి పెరట్లో, జిల్లేడు ఆకు కింద వేలాడే పచ్చని గూటిలో ఉంది. ఎండ తగలకుండా నల్లగుడ్డ కప్పి ఉంచాడు. నెలకు మూడు రోజులు వాడు ఒళ్లు తెలియని నిద్రపోతాడు. అప్పుడు గుడ్డ తీసి కాపలా కూర్చో. గూడు దానంతట అది విచ్చుకుంటే వాడు చస్తాడు, నీ తమ్ముడు లేస్తాడు. నలిపావో, ఆ ప్రాణం తిరిగి వాడి ఒంట్లోకే చేరుతుంది, నీ తమ్ముడు ఎప్పటికీ రాయే."

"గూటిలోంచి ఏమొస్తుంది?"

"సీతాకోకచిలుక. పురుగు గూడు కట్టుకుని అలా మారుతుంది. ఏడాదంతా నువ్వు నిప్పుల్లో పోయించినవి ఏమిటనుకున్నావు? వాటి పిల్లలే."

మణిధరుడు తాబేలు వీపెక్కి మళ్లీ ఏడు సముద్రాలూ దాటాడు.

మాంత్రికుడు పడుకోగానే పెరట్లో చేరి గుడ్డ తీశాడు. బంగారు చుక్కలున్న పచ్చని గూడు. మొదటి రోజు కదలలేదు. రెండో రోజు రంగు మారింది. మూడో రోజు లోపలి రెక్కలు లీలగా కనిపించాయి. ఇంతలో గండకుడు మేలుకుని, అడుగు ముందుకు పడక తూలుతూ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"నలిపెయ్యి రాకుమారా. నీకు అలవాటేగా. తమ్ముడు రాయిగానే ఉంటాడు, కిరీటం నీది."

ఆ మాట మణిధరుడికి తియ్యగానే తోచింది. అయినా చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నాడు.

గూడు చిట్లింది. తడి రెక్కలు ఆరేదాకా ఆకును పట్టుకుని, నారింజ రంగు సీతాకోకచిలుక ఎగిరిపోయింది. గండకుడు గుమ్మంలోనే బూడిదై రాలాడు.

మణిధరుడు ఇల్లు చేరేసరికి కేసరుడు తోటలో ఎదురొచ్చాడు. "ఎక్కడికెళ్లావు అన్నయ్యా? ఇంత చిక్కిపోయావేం?"

తాను చేసిన ద్రోహాన్ని మణిధరుడు సభలో అందరి ముందూ మళ్లీ చెప్పుకున్నాడు. తమ్ముడి తల మీద కిరీటం తన చేత్తోనే పెట్టాడు. పొరుగు రాజు కూతురు హేమలత ఆ కలుపుతోటను చూసి ముచ్చటపడి కేసరుణ్ణి పెళ్లాడింది. వాళ్లు చాలాకాలం చల్లగా ఏలారు.

మణిధరుడు ఒక్కటే కోరుకున్నాడు. కొండ కింది అడవిని ఎవరూ గడ్డిపరక కూడా కోయని వనంగా ఉంచమన్నాడు, దానికి కాపలా తానే ఉంటానన్నాడు. అతని అసూయ పోయిందా అంటే, పూర్తిగా పోలేదు. తమ్ముడి పల్లకి ఆ దారిన పోయినప్పుడల్లా గుండెలో చురుక్కుమనేది. అప్పుడు లేచి, దారిలో పాకే గొంగళిపురుగును ఆకుతో ఎత్తి జిల్లేడు మీద పెట్టి వచ్చేవాడు. బతికినన్నాళ్లూ అలాగే చేశాడు.