తాండ్ర చాపల మీద పసుపు చారల సాలీడు

అనగనగా, ఓడలు తెరచాపలతో నడిచే రోజుల్లో, సముద్రపు ఒడ్డున ఏలకపాడు అనే ఊరు ఉండేది. ఊరి చుట్టూ మామిడి తోటలే. ఎండలు ముదిరితే చాలు, ప్రతి పెరట్లోనూ తాటాకు చాపలు పరిచి, మామిడి రసం పొర మీద పొర పూసి, తాండ్ర ఎండబెట్టేవారు. విసనకర్ర పట్టుకుని ఈగల్ని తోలలేక అందరికీ చేతులు పడిపోయేవి.

ఆ ఏడు రాజకుమారి పెళ్లి కుదిరింది. ఊళ్లో అన్నిటికన్నా బాగున్న తాండ్ర పెళ్లివిందుకు వెళ్తుందని కబురొచ్చింది. ఆ ఊరి అచ్చాయమ్మకు కాపురానికొచ్చిన నాటి నుంచీ తన తాండ్ర రాజుగారింటికి వెళ్లాలని ఒక్కటే కోరిక. తియ్యటి రసం పిండి, మొదటి పొర పూసి, మురిసిపోయింది.

మర్నాడు పొద్దున్నే పెరట్లోకి వెళ్లి కెవ్వుమంది. చాప మీదుగా బంగారు రంగు గూడు! దాని నడుమ పసుపు చారల సాలీడు, అరచేయంత! దూరదేశపు ఓడలో లవంగం బస్తాల మధ్య దాక్కుని వచ్చిన జాతి అది. తోటల్లో గుట్టుగా పెరిగి, ఇప్పుడు పెరళ్లలోకి దిగింది. ఊళ్లో ఏ ఇంట చూసినా కేకలే.

పక్కింటి పోలిశెట్టి తలపాగా బిగించాడు. "పొగ పెడితే చచ్చూరుకుంటాయి, చూస్తుండు అచ్చాయమ్మా!" అన్నాడు. పచ్చి వేపాకు, ఎండుమిరపకాయలు కలిపి మంట పెట్టాడు. సాలీళ్లు హాయిగా చూరెక్కి కూర్చున్నాయి. దగ్గి దగ్గి శెట్టిగారి కళ్లు చింతనిప్పులయ్యాయి. తాండ్రకు పట్టిన పొగవాసన మాత్రం వదల్లేదు.

ఎదురింటి మంగతాయారు చెంపలేసుకుంది. "బంగారు దారాలు నేస్తోందంటే సాక్షాత్తూ లక్ష్మీదేవే వదినా!" అంటూ గూటి కింద పసుపు కుంకుమ చల్లి, బెల్లం పానకం పెట్టింది. సాలీడు ముట్టనైనా లేదు. చీమలు బారులు తీరి వచ్చి పానకం తాగాయి, ఆనక తాండ్ర మీద పడ్డాయి.

ఇక అచ్చాయమ్మ. చీపురు ఎత్తింది గానీ, దగ్గరికి వెళ్లలేక కింద పడేసింది. దూరంగా అరుగు మీద కూలబడి, భయంతో చూపు తిప్పుకోలేక అలాగే చూస్తూ ఉండిపోయింది. ఒక ఈగ తాండ్ర మీదికి రాబోయి గూట్లో చిక్కుకుంది. దాని వెనక ఇంకొకటి. మధ్యాహ్నం దాకా చాప మీద ఒక్క ఈగ కూడా వాలలేదు.

"ఓసి నీ దుంప తెగ! నా పని నువ్వు చేసిపెడుతున్నావటే?" అని పకపకా నవ్వింది.

కానీ సాయంత్రం ఒక తేనెటీగ వచ్చి అదే గూట్లో పడింది. అచ్చాయమ్మ నవ్వు ఆగిపోయింది. రామరామా అనుకుంటూ, సగం కళ్లు మూసుకుని, వెదురుపుల్లతో దాన్ని విడిపించింది.

పొరలన్నీ ఎండాక రాజుగారే స్వయంగా వచ్చి రుచి చూశారు. శెట్టిగారి తాండ్ర కొరికి దగ్గారు. మంగతాయారు తాండ్రలో చీమను చూసి పక్కకు నెట్టారు. అచ్చాయమ్మ తాండ్ర నోట్లో పెట్టుకోగానే ఆయన మొహం వెలిగిపోయింది. సంగతంతా విని, "ఇకమీదట రాజ్యమంతా, తోటతోటలో ఈ సాలీళ్లను పెంచండి!" అన్నారు.

అందరూ జేజేలు పలికారు. అచ్చాయమ్మకు గూట్లో చిక్కిన తేనెటీగ గుర్తొచ్చింది. నోరు మూసుకుంటే కోరిక తీరిపోతుంది. నోరు తెరిస్తే రాజుగారికి ఎదురు చెప్పినట్టే.

"వద్దు ప్రభూ! ఇవి ఈగలతో పాటు తేనెటీగల్నీ తింటాయి. తోటలనిండా ఇవే ఉంటే పూత మీద వాలే తేనెటీగలేవి? పిందెలేవి? చాపల దగ్గర నాలుగు ఉంటే చాలు, తోటల్లోవి ఏరేయించండి" అంది.

ఊరివాళ్లు భయంతో వెనక్కి తగ్గారు. రాజుగారు మాత్రం ఫక్కున నవ్వారు. "నా మెప్పు కోసం నిజం దాచలేదు. పెళ్లివిందులో మొదటి ముక్క నీ తాండ్రే! అయినా తల్లీ, ఇంకా భయమేనా సాలీడంటే?"

"చచ్చేంత భయం ప్రభూ!" అంది అచ్చాయమ్మ. ఊరు ఊరంతా విరగబడి నవ్వింది.

పిల్లలూ, కొత్తగా వచ్చినదాన్ని తరిమేముందైనా, నెత్తికెత్తుకునే ముందైనా, అది చేసే మేలూ కీడూ రెండూ కళ్లారా చూడాలి, చూసింది చూసినట్టు చెప్పాలి.