రాజుగారి మొదటి మాస్కు

ఇంతవరకు పైకి అనని మాట ఒకటుంది. సోమకేతు మహారాజుగారి కొలువులో నేను చేరింది రాజభక్తితో కాదు, కోట కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందని! దాని అడుగు ఒక్కసారి చూడాలని నాకు చచ్చేంత కోరిక.

మా గవ్వలదిబ్బ రాజ్యం చిన్నదే. సింహాసనం ఉంది, సెల్ టవరూ ఉంది. నా పేరు వారిజ. రాజుగారి దుస్తుల గది చూసుకోవడం నా పని.

ఒక ఉదయం రాజుగారు పెసరట్టు తింటూ తింటూ ఆగిపోయారు.

"నేల మీది రాజ్యం చూశాం. నీళ్ల కింది రాజ్యం ఎప్పుడు చూస్తాం? స్కూబా చేస్తాం!"

సభంతా చప్పట్లు కొట్టింది. కోశాధికారి ఒక్కడే కొట్టలేదు. రేవు మరమ్మతులకు పోగా ఒకే ఒక్క సంచీ మిగిలిందన్నాడు.

"ఆ సంచీలోనే నా సరంజామా రావాలి. నీళ్లలోకి ఒంటరిగా దిగకూడదట, జత ఉండాలట. సరంజామా సరిగ్గా ఎంచినవాళ్లే నా జత!"

నా గుండె వలలో పడ్డ చేపలా ఎగిరింది.

"సంచీ ఇటు ఇప్పించండి ప్రభూ," అంటూ అలంకారాధికారి చిత్రాంగదయ్య దూసుకొచ్చాడు. నా వైపు చూసి, "నువ్వు పంచెలు మడతపెట్టుకో పిల్లా," అన్నాడు.

సాయంత్రానికి తివాచీ మీద సంత పరిచేశాడు. బంగారు అంచు మాస్కు. కాళ్లకు తొడిగే రెక్కలు, నెమలి రంగువి. ముత్యాల పిడి కత్తి. దివిటీ అంత లైటు. రాజుగారి కళ్లు మెరిసిపోయాయి.

నేనుండబట్టలేక అడిగాను. "అయ్యా, గాలి సిలిండర్ ఏది?"

"గాలికి డబ్బెందుకే? ఎక్కడైనా ఉచితమేగా!"

"నీళ్ల కింద కూడానా?"

సభ కిసుక్కుమంది. రాజుగారు ఖాళీ సంచీని దులిపి చూశారు.

"నువ్వైతే ఏం కొనేదానివి వారిజా?"

"ముఖానికి అతికే మాస్కు, పాదానికి సరిపోయే రెక్కలు. ఇప్పటికి అంతే ప్రభూ. సిలిండరూ, నీళ్లలో తేల్చే జాకెట్టూ, గాలి పీల్చే గొట్టమూ రేవులో నేర్పే మాస్టారి దగ్గర అద్దెకు."

"రాజుగారికి అద్దె వస్తువులా! శివ శివా!" చిత్రాంగదయ్య చెవులు మూసుకున్నాడు.

"పెళ్లికి షామియానా అద్దెకు తెస్తాం. తాళిబొట్టు తెస్తామా అయ్యా?"

రాజుగారు తొడ చరిచి నవ్వారు.

"అయితే మాస్కు సొంతమే కావాలిగా. నేను తెచ్చింది బంగారంలాంటిది!" అన్నాడు చిత్రాంగదయ్య.

"చిన్న పరీక్ష ఉంది. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి లోపలికి పీల్చి, చెయ్యి వదిలేయాలి. అతుక్కుంటే మనది. పడిపోతే షాపువాడిది."

రాజుగారు ఆనించారు, పీల్చారు, వదిలారు. మాస్కు ఒళ్లో పడింది. మళ్లీ పెట్టారు. మళ్లీ పడింది.

"పట్టీ బిగిస్తే సరి!" అని చిత్రాంగదయ్య రాజుగారి కళ్లు బయటికొచ్చేలా బిగించాడు. గంగాళం నిండా నీళ్లు తెప్పించాడు. రాజుగారు తల ముంచి తీశారు. మాస్కు నిండా నీళ్లు, అందులో తిరుగుతూ ఒక బంతిపువ్వు రేకు.

కారణం సభలో అందరికీ తెలుసు. రాజుగారి మీసం! ముక్కు కింద అంత పొద ఉంటే మాస్కు ఎలా అతుక్కుంటుంది? కానీ మా కొలువులో ఆ మాట ఎత్తకూడదు. రాజుగారి తాతగారి హయాంలో "కాస్త సవరిద్దామా" అన్న మంగలిని పొలిమేర దాటించారు. అప్పట్నుంచి మగవాళ్లంతా రాజుగారిలాంటి మీసమే పెంచుతారు. నేను నోరు జారితే సముద్రం అడుగు మాట దేవుడెరుగు, ఆ కిటికీ కూడా దక్కదు.

"ప్రభూ, మాస్కు ఎంచినవారే ఒకసారి పెట్టి చూపిస్తే..."

చిత్రాంగదయ్య పెట్టుకున్నాడు. పడింది. అదే మాస్కు తీసి నేను పెట్టుకున్నాను. అతుక్కుంది! తల ఊపాను. గెంతాను. గిర్రున తిరిగాను. ఊడలేదు.

రాజుగారు లేచి నిలబడ్డారు. "మా దగ్గర లేనిది నీ దగ్గర ఏముంది?"

"తిరగేసి అడగండి ప్రభూ. తమకు ఉన్నదే నాకు లేదు. అదేమిటో ఎంచినవారికి తెలుసు."

చిత్రాంగదయ్యకు చెమటలు పట్టాయి. "రా... రాజ్యం ప్రభూ! తమకు రాజ్యం ఉంది, ఆ పిల్లకు లేదు."

"నీకూ లేదుగా! మరి నీదెందుకు పడింది?"

సభ గొల్లుమంది. చిత్రాంగదయ్య నేల చూశాడు, కప్పు చూశాడు. తనకు తెలియకుండానే అతని చెయ్యి ముక్కు కిందికి పోయి ఆగింది. అది చూసి రాజుగారి చెయ్యీ పైకి లేచింది.

"ఎంత మేరకు వారిజా?" రాజుగారి గొంతు నూతిలోంచి వచ్చింది.

"ముక్కు కింద గోరంత ప్రభూ. కొసలు కొసల్లాగే ఉంటాయి."

"మరి మా పరువు?"

"ఓడ రేవుకొచ్చేటప్పుడు తెరచాప దించుతుంది. ఓడ పరువు పోయిందని ఎవరైనా అన్నారా ప్రభూ?"

రాజుగారు కిరీటం పక్కకు ఒరిగిపోయేలా నవ్వారు. మంగలి వణుకుతూ వచ్చి, గోరంత తీసి, బతికిపోయాడు. మాస్కు జలగలా పట్టుకుంది. రాజుగారు గంగాళంలో తల ముంచారు. ఎంతకీ తియ్యరే! తీశాక కేక పెట్టారు.

"గంగాళం అడుగున కళాయి ఊడిపోయింది! నేను చూశాను!"

కత్తీ, లైటూ షాపుకి తిరిగిచ్చి అద్దెకు డబ్బు తెచ్చే పని చిత్రాంగదయ్యకు పడింది.

"నా జత వారిజ! రేపట్నుంచే రేవు మాస్టారి దగ్గర ఇద్దరికీ పాఠాలు!"

సభంతా చప్పట్లు. నా మెడలో రాజుగారి ముత్యాల దండ. గాల్లో తేలుతూ గదికొచ్చి పడ్డాను. పడ్డాక గుర్తొచ్చింది, సముద్రం పేరెత్తితే అన్నం మానేసే మా అమ్మ. రాజుగారి దగ్గరైతే మీసం పేరెత్తకుండా మీసం తీయించాను. అమ్మ దగ్గర ఈ విద్యలు సాగవు, ఉన్నది ఉన్నట్టు చెప్పాల్సిందే.

తిడితే తిట్టనీ. ఫోన్ చేసేస్తాను.