రెండు మగ్గం గుంటలు

జమ్మలమడుగు ప్రాంతంలో ఇళ్లు కట్టించే పెద్దమేస్త్రి మౌనాచారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఏదైనా సందేహం అడిగితే జవాబు చెప్పేవాడు కాదు, చేతికి గడ్డపార ఇచ్చేవాడు. అందుకని ఆయన దగ్గర పని నేర్చుకునేవాళ్లు నోరు విప్పేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకునేవారు. కంబగిరి మాత్రం ఆలోచించలేదు. అతనికి కోపం వచ్చింది మరి.

కోపానికి కారణం ఉంది. అతని చిన్నమ్మ సుంకమ్మ, మరో ఎనిమిది మంది ఆడవాళ్లు ఏళ్లుగా ఒక అద్దె షెడ్డులో గుంట మగ్గాలు నేస్తున్నారు. నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్లు దించి కూర్చుని నేసే మగ్గాలవి. నెలాఖరుకు ఖాళీ చేయమని షెడ్డు యజమాని తెగేసి చెప్పాడు. మగ్గాలకు చోటు దొరక్కపోతే తొమ్మిది ఇళ్లలో పొయ్యి వెలగదు. కమ్మలూ గాజులూ అమ్ముకుని సొంత జాగా కొనడానికి సిద్ధపడ్డారు. కంబగిరి కాళ్లరిగేలా తిరిగి, రోడ్డు పక్కన చదునుగా ఉన్న నల్లరేగడి జాగా చూసిపెట్టాడు. మౌనాచారి అది వద్దని, గుట్టవార ఉన్న రాళ్ల జాగా తీసుకోమన్నాడు. దాని ధర రెట్టింపు.

“అయ్యవారూ, సగానికే వచ్చే చదును నేలను కాదని ఆ రాళ్లదిబ్బకు రెట్టింపు పొయ్యమనడం ఏం న్యాయం? వీళ్లేమన్నా షావుకార్లా?” అని అడిగేశాడు.

మౌనాచారి గడ్డపార అందించాడు.

“రెండు చోట్లా ఒక్కో మగ్గం గుంట తవ్వప్పా. ఒక వాన పడేదాకా బయానా ఇయ్యొద్దని మీ చిన్నమ్మకు చెప్పు.”

నల్లరేగడిలో పని హాయిగా సాగింది. ఎండకు నెర్రెలిచ్చిన నేలలో గడ్డపార దించితే పిడికెడు తప్ప అంతా లోపలికి పోయింది. పూట తిరక్కుండానే గుంట తయారైంది. గుట్టవార సంగతి వేరు. వేసిన ప్రతి దెబ్బకూ గడ్డపార ఖంగుమని ఎగిరి, మోచేతుల దాకా జిల్లుమంది. ఆ ఒక్క గుంటకే రెండు రోజులు పట్టింది, అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా కంబగిరి లోలోపల సంబరపడ్డాడు. తవ్వుకూలీ కూడా తాను చూసిన జాగాలోనే తక్కువని తేలిపోయింది కదా.

వాన మాత్రం రాలేదు. నెలాఖరుకు ఇంకా పది రోజులే మిగిలాయి. ఈలోగా బియ్యం వ్యాపారి ఒకడు బయానా ఇచ్చి రోడ్డు పక్క జాగాను ఎగరేసుకుపోయాడు.

“మీ అయ్యవారిని నమ్ముకుని ఉన్న దారీ మూసుకున్నామేమోరా” అంది సుంకమ్మ. కంబగిరి మబ్బు కోసం ఆకాశం వైపు చూశాడు.

మర్నాడు సాయంత్రం వాన దంచికొట్టింది. తెల్లవారగానే అందరూ వెళ్లి చూశారు. రేగడి నేల ఉబ్బి, గుంట గోడలు విరిగి లోపలికి జారాయి. మిగిలిన సందులో బురదనీళ్లు నిలిచాయి. గుట్టవార గుంట తవ్వింది తవ్వినట్టే ఉంది, అడుగున తడి తప్ప నీళ్లు లేవు. సుంకమ్మ చీర ఎగ్గట్టి అందులోకి కాళ్లు దించి కూర్చుంది. లేని తొక్కుడు కర్రలను తొక్కింది, దారం పోగు మోసే నాడె చేతిలో ఉన్నట్టే ఇటునుంచి అటు విసిరింది.

“ఇది మన నేలేనే” అని పగలబడి నవ్వింది. మిగతా ఎనిమిది మందీ నవ్వారు. కంబగిరికి సిగ్గూ ఆనందమూ కలిసే వచ్చాయి.

ఆ రోజే బయానా ఇచ్చారు. పునాదికి రెండడుగులు తవ్వితే సరిపోయింది. తవ్వితే వచ్చిన రాయినే తిరిగి పునాదిలో పేర్చారు, బయటి నుంచి ఒక్క బండి రాయి కూడా కొనలేదు. గోడలు లేవకముందే గుంజలు పాతి రేకులు కప్పారు. సరిగ్గా నెలాఖరు రోజున తొమ్మిది మగ్గాలు ఒక్కసారిగా టకటకమన్నాయి. రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఆగి విన్నారు.

అక్కణ్ణుంచి చూస్తే రేగడి జాగాలో బియ్యం వ్యాపారి కట్టిస్తున్న గోదాము పనులు కనబడుతున్నాయి. గట్టినేల తగలక లోతుకు పోతున్న పునాది గోతుల్లో కూలీల తలలు కూడా కనిపించడం లేదు. ఆ గోతులు నింపడానికి ఇసుక లారీలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి.

“అయ్యవారూ, ఆ చౌక జాగా ఆయనకు మొత్తం ఎంత పడుతుందంటారు?” అని అడిగాడు కంబగిరి.

మౌనాచారి అటువైపు చెవి ఒగ్గి కాసేపు విన్నాడు.

“ఇంకా తవ్వుతానే ఉండారు కదప్పా. గడ్డపార ఖంగుమన్నాక అడుగు.”