గాజుతొట్టిలో సత్సంగం

కాలవగట్టు ఆశ్రమంలో శరభయ్యగారిని ప్రశ్న అడగదలచినవాడు ముందు తనకు తీరిక ఉందో లేదో చూసుకోవాలి. ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. మాయ అంటే ఏమిటని అడిగిన ప్లీడరుగారి చేత ఆశ్రమంలో చిరిగిన దోమతెరలన్నీ కుట్టించారు. కుట్టడం పూర్తయ్యేసరికి ప్లీడరుగారికి మాయ సంగతి బోధపడిందో లేదో గాని, దోమలు మాత్రం తగ్గాయి. ఇదంతా తెలిసి కూడా విరూపాక్షం ఒకనాటి ఉదయం ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడంటే, పాపం, ఎంత తెగించి ఉండాలో అనుకోవాలి.

విరూపాక్షం ఆశ్రమంలో గదుల పెత్తనం చూసేవాడు. ఎవరిని ఏ గదిలో ఎవరితో కలపాలన్నది అతని ఇష్టం. దానికి అతను పెట్టుకున్న సూత్రం ఒక్కటే. అందరిలోనూ ఉన్నది ఒకే ఆత్మ అయినప్పుడు ఎవరిని ఎవరితో పెడితేనేం? ఆ లెక్కనే రిటైరైన హెడ్మాస్టరు కోదండంగారినీ, రైల్వేలో గార్డుగా చేసిన భుజంగరావుగారినీ ఒకే గదిలో వేశాడు. కోదండంగారు కోడి కూయకముందే లేచి సహస్రనామం అందుకుంటారు. చివరి బెంచీ దాకా వినబడేలా చెప్పడం ఆయనకు ఉద్యోగం నేర్పిన అలవాటు. భుజంగరావుగారేమో జీవితమంతా రైలు కూతలు విని విని, ఇక కాస్త నిశ్శబ్దంగా బతుకుదామని వచ్చిన మనిషి. ఇద్దరూ మర్యాదస్తులు గనక అరుచుకోలేదు, తిట్టుకోలేదు. భుజంగరావుగారు చొక్కాలు మడతపెట్టి సంచిలో సర్దుకుని, బస్సులు ఎప్పుడెప్పుడున్నాయో కనుక్కోవడం మొదలుపెట్టారు, అంతే.

అది చూసి విరూపాక్షానికి గుండె జారిపోయింది. కొన్నేళ్ల కిందట భార్య పోయి, ఎటు వెళ్లాలో తోచక తెనాలి స్టేషన్లో కూర్చుని ఉన్నవాణ్ణి, డ్యూటీ దిగి ఇంటికి పోతున్న భుజంగరావుగారే చెయ్యి పట్టుకుని ఈ ఆశ్రమానికి తీసుకొచ్చారు. అటువంటి మనిషి తన పెత్తనం మూలంగా సంచి భుజాన వేసుకుని వెళ్లిపోతే తను ఇక్కడ ఏ మొహం పెట్టుకుని ఉండాలి?

"అయ్యగారూ, ఇద్దరూ మంచివాళ్లే. మరి ఒక గదిలో ఎందుకు పొసగలేదు? తప్పు ఎవరిదో మీరు చెప్పండి. వాళ్లకి నేను నచ్చజెప్పుకుంటాను" అన్నాడు.

శరభయ్యగారు వరండా మూలకి చూశారు. అక్కడ ఒక పెద్ద అక్వేరియం ఉంది. ఎవరో భక్తుడు ఇల్లు మారుతూ వదిలిపెట్టి వెళ్లాడు. గొట్టాలూ మోటారూ అన్నీ ఉన్నాయి, చేపలే లేవు. వానాకాలంలో తడిసిన గొడుగులు అందులో నిలబెట్టేవారు.

"దాంట్లో చేపలు వెయ్యి నాయనా. కలిసి ఉండేవి చూసి తీసుకురా. అప్పుడు చెబుతాను" అన్నారు. ఆ తర్వాత భుజంగరావుగారికి కబురు పెట్టి, "ఆశ్రమానికి చేపలు వస్తున్నాయి. పౌర్ణమి దాకా ఉండి చూసి వెళ్దురుగాని" అన్నారు. చేపల కోసం ఆగమంటే కాదనడం ఎలాగో తెలియక ఆయన ఆగిపోయారు.

విరూపాక్షం మర్నాడే తెనాలిలో చేపల కొట్టుకు వెళ్లాడు. అక్కడ కూడా ఆశ్రమం కళ్లతోనే చూశాడు. బొద్దుగా, నిదానంగా తిరుగుతున్న గోల్డ్‌ఫిష్‌లు సాధువుల్లా కనిపించాయి. విసనకర్రల్లాంటి తోకలు ఊపుకుంటూ తిరిగే గప్పీలను చూస్తే భజన మండలి గుర్తొచ్చింది. టైగర్ బార్బులకు ఒంటిమీద నిలువు చారలుంటాయి. ఆ చారలను నామాలనుకుని మురిసిపోయి నాలుగింటిని పట్టించాడు. చివరగా పై అరలో కొన్ని సీసాలు కనిపించాయి. ఒక్కో సీసాలో ఒక్కటే చేప. ముదురు ఎరుపూ నీలమూ కలిసిన రంగుతో, కదలకుండా మెదలకుండా, ఎవరి జోలీ పట్టనట్టు ఉన్నాయి. విరూపాక్షానికి ఒళ్లు పులకరించింది. ఏకాంతంలో తపస్సు చేసుకుంటున్న మహానుభావులు! రెండింటిని దింపమన్నాడు.

"స్వామీ, అవి ఫైటర్లండీ. రెండూ ఒకే తొట్లో వెయ్యకూడదు" అన్నాడు కొట్టతను.

"ఆ పేరు మీరు పెట్టుకున్నది. తాను ఫైటరునని దానికి తెలుసా?" అన్నాడు విరూపాక్షం.

కొట్టతను స్వాములతో వాదం పెట్టుకోవడం ఎందుకని కవర్లకు రబ్బరుబ్యాండ్లు వేసి చేతికిచ్చాడు.

సాయంత్రం హారతి అయ్యాక అందరి ఎదుటా చేపలను వదిలారు. తపస్వులిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మరుక్షణంలో ఇద్దరికీ మెడ కింద మొప్పలు గొడుగుల్లా విచ్చుకున్నాయి. ఆ తర్వాత జరిగింది చూసి ఆడవాళ్లు పిల్లల కళ్లు మూశారు. విరూపాక్షం వంటింట్లోకి పరుగెత్తి, చేతికందిన టీ జాలీ పట్టుకొచ్చి, ఒక తపస్విని ఎలాగో తోడి ఒక ఖాళీ సీసాలో పడేశాడు.

"ఆ జాలీతో రేపు టీ ఎట్లా వడకట్టమంటావయ్యా?" అని వెనకాలే వచ్చింది వంట చూసే అనసూయమ్మ.

"ఇక్కడ ప్రాణాలు పోతున్నాయమ్మా!"

"అక్కడ ఇంతమంది టీ పోతోందయ్యా!"

అక్కడితో అయిపోతే బాగుండేది. తెల్లవారేసరికి నామాల చేపలు గప్పీల తోకలన్నీ కొరికి చీలికలు చేసిపెట్టాయి. సాధువులు అందరి మేతా తామే తిని, తిన్నదంతా నీళ్లలోకి వదిలి, తొట్టిని కుడితి చేశాయి. ఇదంతా కొట్లో ఇచ్చిన నీచు మేత ప్రభావమని విరూపాక్షం తేల్చాడు. దాన్ని మాన్పించి దద్ధ్యోజనం మెతుకులు వేశాడు. నీళ్లు మరింత తెల్లబడ్డాయి. అప్పటికీ లొంగక కోదండంగారిని బతిమాలి తొట్టి పక్కన సహస్రనామం చెప్పించాడు. ఆయన సంతోషంగా గొంతు ఇంకాస్త పెంచారు. చేపలన్నీ వెళ్లి మోటారు వెనక దాక్కున్నాయి.

దూరంగా కుర్చీలో కూర్చున్న భుజంగరావుగారు ఎన్నాళ్లకో నవ్వారు. "పాపం, వాటికి సంచి లేదు" అన్నారు.

ఆ మాట విరూపాక్షానికి ముల్లులా గుచ్చుకుంది. శరభయ్యగారి దగ్గరకు వెళ్లి, "ఆ చారలవి దుర్మార్గపు చేపలండీ. వాటిని పంపించేస్తే మిగతావి సుఖపడతాయి" అన్నాడు.

"వాటి సంగతి కొట్టతన్ని అడిగావా?"

విరూపాక్షం అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. మళ్లీ తెనాలి వెళ్లి, ఈసారి నోరు మూసుకుని విన్నాడు. నామాల చేపలు దుర్మార్గులు కావట. నలుగురే ఉంటే తోచక పక్కవాళ్ల తోకల మీద పడతాయట, పెద్ద గుంపుగా ఉంటే వాటిలో అవే తరుముకుంటూ లోకాన్ని మరిచిపోతాయట. గోల్డ్‌ఫిష్‌కు చల్లని నీళ్లూ విశాలమైన చోటూ కావాలట. గప్పీలను వాటి మానాన వదిలేస్తే చాలట. విన్నది విన్నట్టు చేశాడు. గప్పీలు అనసూయమ్మ తామరపూల గోలెంలోకి వెళ్లాయి, సాధువులు బావి పక్క సిమెంటు తొట్టిలోకి. తపస్వులను విడివిడిగా రెండు గాజుసీసాల్లో పెట్టి, ఒకదాన్ని శరభయ్యగారి కిటికీలో ఉంచాడు. అక్వేరియంలోకి మరికొన్ని నామాల చేపలు వచ్చాయి. పౌర్ణమినాటికి నీళ్లు తేటపడ్డాయి.

విరూపాక్షం ముఖమూ తేటపడింది. తనంతట తానే కోదండంగారి మంచాన్ని భజన బృందం ఉండే హాల్లోకి మార్పించాడు. అక్కడ అందరివీ పెద్ద గొంతులే. మొదటిరోజే ఎవరి శ్రుతి సరైనదని పట్టుదలలు మొదలై, కోదండంగారు పదేళ్లు చిన్నవారైపోయారు. కానీ భుజంగరావుగారి గదిలో ఆయన ఖాళీ చేసిన చోటు, వేరే ఖాళీ లేక, ఆ పూటే వచ్చిన ఒక హార్మోనియం విద్వాంసుడికి వెళ్లింది.

"మరి భుజంగరావుగారు?" అన్నారు శరభయ్యగారు.

"అదే తోచడం లేదండీ. సద్దులేని గదిలో మంచం లేదు. ఆయన సాయంత్రం బస్సుకి బయలుదేరుతున్నారు."

"తూర్పు మూల గది ఉందిగా."

విరూపాక్షం ఉలిక్కిపడ్డాడు. అది అతని గది. పెత్తనం చేసేవాడు విడిగా ఉండాలని వచ్చిన కొత్తలో తనకు తానే కేటాయించుకున్నాడు. అందులో రెండో మనిషి పడుకోవచ్చన్న ఊహ ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు.

"నాకు ఏకాంతం అలవాటండీ. ఎవరి జోలికీ వెళ్లను. ఇక్కడికి వచ్చినప్పటినుంచి ఒక్కరితోనూ గొడవపడి ఎరగను."

శరభయ్యగారు కిటికీలో సీసాను చూశారు. లోపల తపస్వి రెక్కలు ముడుచుకుని ప్రశాంతంగా ఉన్నాడు.

"సీసాలో ఉన్నన్నాళ్లూ అదీ అంతేగా నాయనా" అన్నారు.

విరూపాక్షం చెవులు ఎర్రబడ్డాయి. నిజంగా సిగ్గేసింది. గేటు దాకా పరుగెత్తి, బస్సు కోసం నిలబడ్డ భుజంగరావుగారి భుజం మీది సంచి లాక్కున్నాడు.

"ఎక్కడికయ్యా అది?" అన్నారాయన.

"మా గదికండీ. మన గదికి."

మర్నాడు ఉదయం శరభయ్యగారు అక్వేరియంలో మేత చల్లుతున్నారు. విరూపాక్షం ఎర్రటి కళ్లతో వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అయ్యగారూ, భుజంగరావుగారు గురక పెడతారు. మామూలు గురక కాదండీ, గూడ్సుబండి. కోదండంగారు ఇన్నాళ్లూ ఈ మాట ఎవరితోనూ అనలేదు. కోడికన్నా ముందు ఆయన ఎందుకు లేచి కూర్చునేవారో నాకిప్పుడు తెలిసింది."

శరభయ్యగారు మేత డబ్బా మూతపెట్టి, ఒక పక్కకు వంగి అతని వెనక వైపు పరీక్షగా చూశారు.

"తోకేం చిరగలేదుగా" అన్నారు. "పొసగుతుందిలే."